టేబుల్ మీది నీళ్ళు

రాయచూరు
11 జూలై 2024

చిన్నమ్మా,

కావేరి రాస్తున్న. ఈడ నేను, మీ అల్లుడు పరశురామ్ తిని తిరుగుతనే ఉన్నం. ఆడ నువ్వు గిర్ని కాడ మొకం నిండ పిండి పూసుకొని ఎవరినో ఒకరిని తిడుతుంటవని అనుకొని మొదలుపెడుతున్న.

ఫోన్ల మాట్లాడుదామంటే నీకు వినబడదాయె. ఇరవై ఏండ్లు ఆ పిండి గిర్ని చప్పుడుల నిలబడి చెవులు దానికే ఇచ్చేస్తివి. ఫోన్ల రాసి పంపుదామంటే ఆ సన్న అక్షరాలు నీ కండ్లకు ఆనవు. ఇగ కాగజే గతి. నేను బడిల చదివింది కన్నడ, తెలుగు రాసుడు నేర్పింది నువ్వు. తప్పులుంటే అవి నీ ఖాతాలనే ఏసుకో.

ముందు చిన్న ముచ్చట. ఆఫీసుల నా టేబుల్ మీద గాజు తొట్టి పెట్టిన. మాది పత్తి గింజల కంపెనీ అని నీకు తెలుసు కదా, నా కుర్చీల కూసుంటే ఎదురుంగ గోదాం గోడ తప్ప ఏమీ కనబడదు. ఆ గోడను చూసి చూసి పిచ్చి లేస్తుందని పక్క సీటు మేఘాతోని అన్న. ఆమెనే చేపల దుకాణానికి తోలుకపోయింది. తొట్టి రెండు జానలుంటది, గంతే. అడుగున నల్ల మట్టి పరిచిన, మీద కృష్ణల ఏరిన రాళ్ళు పెట్టిన. రాయికి దారంతోని నీళ్ళ మొక్కను కట్టాలెనట, వేరు మట్టిల పెడితే మురిగిపోతదట. ఒక సాయంత్రమంత అదే పని. గోదాం వెనకాల బోరు నీళ్ళు నింపి లైటు ఏసిన. మొదటి దినం బురద బురద, మూడో దినానికి తేటపడింది. వెంటనే ప్రాణమున్నది ఏదీ ఏయొద్దని, మూడు నాలుగు వారాలు నీళ్ళు పక్వానికి రావాలెనని దుకాణపాయన గట్టిగ చెప్పిండు. నీళ్ళు పక్వానికి వచ్చుడేందో నాకు తెల్వదు గాని, సరే అన్న.

ఇగ పెద్ద ముచ్చట. నాకు రెండో నెల.

నాకు సంతోషం రాలే చిన్నమ్మా. బుగులు వచ్చింది. పోయినేడు నాలుగో నెలల కడుపు పోయినదే కండ్ల ముందు తిరుగుతుంది. మెట్టు దిగాలంటే బుగులు, తుమ్ము వస్తే బుగులు. మీ అల్లునికి, నీకు తప్ప ఎవ్వరికీ చెప్పలే. ఆఫీసుల పనిల మనసు నిలవకుంటే ఆ తొట్టిల చూస్త. ఆకు మీద గాలి బుడగ లేస్తది, పోతది. చూసినంతసేపు భయం జర పక్కకు జరుగుతది.

నీ కావేరి

*

అరకేర
19 జూలై 2024

బిడ్డా కావేరీ,

యంకమ్మ రాసుడు. నీ ఉత్తరం పోస్టాయన గిర్ని కాడనే ఇచ్చిండు. మారెవ్వ జొన్నలు పోసి నిలబడి చదివిన. చదివేటాల్లకు పిండి మాడి వాసన లేసింది. మారెవ్వ నోరు కదిలిస్తుంటే చూసిన, బాగనే తిట్టినట్టుంది. తిట్టనీ, నాకేం వినబడదు.

అయిదో నెల నిండేదాంక ఎవ్వరికీ చెప్పకు. ఆ మేఘాకు గూడ చెప్పకు, మంచిదైనా సరే. నరుని కంటికి నల్ల రాయి గూడ పగులుతదంటరు. బరువు ఎత్తకు. బొప్పాయి ముట్టకు, ఇది నీకు చెప్పే పని లేదు.

నాకు ఆ గోదాం అంటేనే గుబులు. పత్తి గింజలకు ఎర్ర మందు పూస్తరని నువ్వే అంటివి. పురుగును చంపే మందు మనిషికి ఏం మేలు చేస్తది? ఆ గోదాం వెనకాలనే బోరు అంటివి. ఆ నీళ్ళు ఒక్క గుటక గూడ మింగకు. మా అత్త నాకిచ్చిన రాగి బిందె ఉన్నది కదా, అది పంపిస్త. నాగుల పంచమి దాటినంక డ్రైవర్ సిద్దు బస్సుకు ఏస్త. దినాం చింతపండుతోని తోము, బంగారం తీరు మెరవాలె. మాపటికి నింపు, పొద్దుగాల తాగు. రాగిల నిలిచిన నీళ్ళల్ల ఏ పురుగూ బతకదు. నా ఇంట్ల ఉన్న మంచి వస్తువు అదొక్కటే, నీకు కాక ఎవరికి?

ఆ తొట్టిల గూడ అవే నీళ్ళు పొయ్యి. ప్రాణమన్నంక దేనికైనా మంచి నీళ్ళే కావాలె. జీతమిచ్చి కూసోబెడితే తొట్టి కడుక్కుంట కూసున్నవా అని మీ గురునాథ్ సేటు అడిగితే మాత్రం నన్ను ఇరికియ్యకు.

భయమైతే భయమని రాయి. మంచిగున్న అని రాసి లోపల కుమిలితే నేను పట్టేస్త.

మీ చిన్నమ్మ

*

రాయచూరు
22 ఆగస్టు 2024

చిన్నమ్మా,

నీ మాట తప్పలే, మెట్లు గూడ ఒక్కొక్కటి దిగుతున్న. మూడో నెల నిండింది.

అయిదో తారీఖు తొట్టిల ప్రాణాలు వచ్చినయి. చేపలు కావు, చిట్టి రొయ్యలు. బియ్యపు గింజకు రెండింతలుంటయేమో, పండు మిరపకాయ రంగు. పది తెచ్చిన. పొద్దంత ఆకులు తుడుస్తనే ఉంటయి, మా ఆఫీసుల వాటికంటె ఎక్కువ పని చేసేటోళ్ళు లేరు. గురునాథ్ సేటు గూడ వచ్చి కండ్లద్దాలు పైకెత్తి చూసి, ఇవి తినేటివా అని అడిగిండు. ఆ రోజు నాకు మస్తు నవ్వొచ్చింది.

దాంట్ల ఒకటి గుడ్లది. కడుపు కింద ఆవగింజలంత గుడ్లు ఇరవై ముప్పై పట్టుకొని తిరుగుతది. నిలబడ్డకాడనే చిన్న కాళ్ళతోని వాటికి గాలి విసురుకుంటనే ఉంటది. గుడ్లకు నీళ్ళు ఆడకపోతే చెడిపోతయట. ఒక్క నిమిషం ఆపదు. నేను బిల్లులు రాసుకుంట రాసుకుంట దాన్నే చూస్త.

బిందె పన్నెండో తారీఖు వచ్చింది. సిద్దు దాన్ని తన పక్క సీట్ల కూసోబెట్టి తెచ్చిండట, టికెట్టు ఒక్కటే కొట్టలేదని మీ కండక్టర్ అల్లుడు నవ్విండు. నువ్వు చెప్పినట్టే చింతపండుతోని తోముతున్న, మాపటికి నింపుతున్న. పొద్దుగాల లేవంగనే ఒక చెంబు తాగుత. ఒక డబ్బాల పోసుకొని ఆఫీసుకు తీసుకపోత. తొట్టిల తగ్గిన నీళ్ళకు దినాం అవే పోస్త. బోరు నీళ్ళు ఇడిచిపెట్టిన.

గాని చిన్నమ్మా, మొన్న రెండు రొయ్యలు పోయినయి. ఎర్రగున్నయి తెల్లగై, ఉడికిన లెక్క అయి అడుగున పడున్నయి. దుకాణపాయనను అడిగితే ఏం నీళ్ళు పోస్తున్నవన్నడు. ఇంటి నీళ్ళు, తాగే మంచి నీళ్ళన్న. కొత్తల ఒకటి రెండు పోతయి, చూడు అన్నడు. ఆయనకు అది మామూలే. నేను మాత్రం ఆ రెండింటిని కాగజ్ల చుట్టుకుంట ఏడ్చిన. మొదటిసంది తొట్టిల ఉన్నది బోరు నీళ్ళే కదా. గోదాం దిక్కే నా మనసు పోతుంది.

నీ కావేరి

*

అరకేర
30 ఆగస్టు 2024

బిడ్డా,

రెండు పోతే ఏడుస్తున్నవా? పిచ్చిదానా. ఇంట్ల పెంచుకున్న నీళ్ళ ప్రాణి పోయిందంటే ఇంటి మనిషికి రావాల్సిన గండం అది ఎత్తుకపోయినట్టు. మా అత్త కాలంసంది వింటున్న మాట ఇది. నీకు రెండు గండాలు తప్పినయనుకో. ఇంకో నాలుగు తెచ్చి ఏయి. వాటికి పుణ్యముంటది, నీకు నిమ్మళముంటది.

ఒక్కటి మాత్రం ఇను. ఆ గుడ్ల దాన్ని దినాం చూడకు. నీ కడుపుకు, దాని కడుపుకు ముడి పెట్టుకోకు. నువ్వు రాయకపోయినా నాకు తెల్వదా, నిన్ను పాలడబ్బా కాడికెళ్ళి పెంచినదాన్ని. మా అక్క నిన్ను నా ఒళ్ళ ఏసి కండ్లు మూసినప్పుడు నీకు పదకొండు నెలలు. అప్పటిసంది నీ మొకం చదువుడే నా చదువు.

నాలుగో నెలల ఒళ్ళు చల్లగ ఉంచుకో. నీళ్ళు మాత్రం తప్పకు. బిందె మసక పట్టనియ్యకు, చింతపండు దండిగ పెట్టి రుద్దు.

నీ ఉత్తరం వచ్చినప్పటిసంది నేను గూడ గోదాం గురించే ఆలోచిస్తున్న. ఆ కుర్చీ జర దూరం జరుపుకోరాదు?

మీ చిన్నమ్మ

*

రాయచూరు
25 సెప్టెంబర్ 2024

చిన్నమ్మా,

నాలుగో నెల దాటింది. దాటిన దినం బాత్రూంల తలుపేసుకొని ఏడ్చిన. సంతోషమే అది, గాని చూసేటోళ్ళకు అట్ల కనబడదు.

ఇగ నిమ్మళంగ ఉందామనుకున్న వారంలనే గుడ్లది పోయింది. చూడొద్దన్నవు, చూసిన. గుడ్లు దాని కాళ్ళ మధ్యల ఇంక అంటుకొనే ఉన్నయి. అప్పటికే ఇంకో మూడు పోయినయి.

నీకొక మాట చెప్పాలె, ఎవ్వరికీ చెప్పలే. రెండేండ్లు ఆ బోరు నీళ్ళే తాగిన నేను. పోయినేడు కడుపుతోని ఉన్నప్పుడు గూడ అవే. సీసా నింపుకొని టేబుల్ మీద పెట్టుకొని, డాక్టరమ్మ నీళ్ళు బాగ తాగమన్నదని దినానికి మూడు సీసాలు తాగిన. ఇప్పుడు అదే టేబుల్ మీద, అదే నీళ్ళల్ల, ఇవి ఒక్కొక్కటే పోతున్నయి. ఆఫీసుల ఎవరన్న నీళ్ళు నింపుకోనికి లేస్తే సీసా గుంజుకోవాలనిపిస్తుంది.

ధైర్యం చేసి గురునాథ్ సేటుకు చెప్పిన. బోరు నీళ్ళు పరీక్ష చేయించమని అడిగిన. ఆయన లేసి తలుపు దగ్గరికేసిండు. ఎన్నడు గొంతు లేపని మనిషి, ఆ రోజు గూడ లేపలే. మెల్లగనే అన్నడు, "ఈ మాట బజార్ల పడితే నా గింజ ఒక్క రైతు ముట్టుకోడు. మళ్ళ అనకు కావేరీ." నేను వచ్చి నా కుర్చీల కూసున్న. ఆయన భయపడిండంటే అందుల ఏదో ఉన్నట్టే కదా?

ఉన్న నాలుగింటినైనా బతికిద్దామని మొన్న శనివారం తొట్టిల నీళ్ళన్ని తోడిపోసిన. మట్టి కదలకుండ సన్న పైపుతోని తోడి, ఇంటికాడి బిందె నీళ్ళు రెండు డబ్బాలు తెచ్చి నింపిన. బోరు చుక్క మిగలలే. అన్ని ఒక్కసారి మార్చొద్దని దుకాణపాయన చెప్పినా వినలే. సోమవారం పొద్దుగాల వచ్చి లైటు ఏస్తే నాలుగుకు నాలుగు అడుగున ఉన్నయి. మొక్కలు మాత్రం పచ్చగనే ఉన్నయి.

మంచి నీళ్ళల్ల ఎట్ల పోయినయి చిన్నమ్మా? విషం మట్టిల ఇంకిందా? లేకపోతే నా చేతులనే ఏమన్న ఉన్నదా? నేను పెంచుదామనుకున్నది ఏదీ నిలవదేమోనని బుగులైతుంది. పొద్దుగాల కడుపు మీద చెయ్యి పెట్టుకోనీకి గూడ భయమై తీసేసిన.

మీ అల్లునికి ఇవేమీ చెప్పలే. నువ్వు చెప్పకు.

నీ కావేరి

*

అరకేర
1 అక్టోబర్ 2024

కావేరీ,

నీ చేతుల ఏమీ లేదు. చిన్నప్పుడు నువ్వు నాటిన కరివేపాకు చెట్టు ఈడ నా నెత్తి మీదికి పెరిగింది. ఆ మాట మళ్ళ రాసినవంటే ఉత్తరం చించి పొయ్యిల పెడుత.

విషం ఆ గోడలల్ల ఉన్నది, గాలిల ఉన్నది, నువ్వు మోచెయ్యి ఆనించే ఆ టేబుల్ల ఉన్నది. నేను మొదటి దినం అన్న. రేపటిసంది పోకు. కొలువు పోతే పోయింది, రొట్టె ఉప్పు నంజుకొని తినొచ్చు. నాలుగు చేతులున్నయి, గిర్ని ఉన్నది.

పరశురామ్ కు చెప్పొద్దన్నవు. చెప్పిన. ఈ ఉత్తరం తోనే ఆయనకొకటి రాసి ఏసిన. తప్పైతే తప్పే. పోయినేడు నేను నోరు మూసుకొని దేవుని మీద భారమేసిన, ఈసారి ఏయను.

బిందె నీళ్ళు రెండింతలు తాగు. పొద్దుగాల ఒక చెంబు, మాపటికి ఒక చెంబు. లోపల పడ్డ ఆ బోరు విషమంత కడుక్కపోవాలె. నేను మొక్కని దేవుడు లేడు.

మీ చిన్నమ్మ

*

రాయచూరు
24 అక్టోబర్ 2024

చిన్నమ్మా,

నువ్వు పెట్టిన చిచ్చు కథ మొత్తం రాస్త, నిమ్మళంగ కూసొని చదువు. ముందే చెప్తున్న, కథ సుఖంగనే ముగిసింది.

నీ ఉత్తరం అందిన దినం మీ అల్లుడు డ్యూటీ దిగి అట్లనే ఆఫీసుకు వచ్చిండు. కాకీ అంగి, మెడల టికెట్టు మిషన్. గింజలు కొననీకి వచ్చిన పది మంది రైతులు చూస్తుండంగ సేటు మీదికి పోయిండు. నా పెండ్లాన్ని, పిల్లను చంపుతున్నవన్నడు. అంతకుముందు ఎవ్వరికీ తెల్వని కడుపు రాయచూరు మార్కెట్టుకే తెలిసింది. నీళ్ళ లెక్క తేలేదాంక ఇంటికాడనే ఉండమని సేటు నాకు చెప్పిండు. పదహారు దినాలు ఇంట్ల కూసున్న. ఆ పదహారు దినాలు నేను ఏం అనుకున్ననో నీకు రాయను.

బోరు నీళ్ళు పరీక్షకు పంపింది సేటే. పంపేటప్పుడు నా తొట్టి నీళ్ళు గూడ ఒక సీసాల పంపమని మేఘాతోని చెప్పిచ్చిన. మొన్న కాగజ్ వచ్చింది. బోరుల ఏ మందు లేదు. జర సున్నం, జర ఉప్పు, అంతే. తొట్టి నీళ్ళల్ల మాత్రం రాగి ఉన్నది.

రాగి ఎక్కడికెళ్ళి వచ్చిందని అందరు తలకాయ గోక్కున్నరు. మేఘా ఆ కాగజ్ పట్టుకపోయి దుకాణపాయనకు చూపిచ్చింది. ఆయన ఒక్కటే అడిగిండట, రాగి బిందెల నీళ్ళు పోసిన్రా అని. చిట్టి రొయ్యకు రాగి అంటే విషమట. మనిషికి లెక్కల రానంత ఉన్నా దానికి సాలట. పైంగ చింతపండు పులుపు తగిలిన రాగి ఇంక ఎక్కువ దిగుతదట. మొదట అడిగినప్పుడు ఇంటి నీళ్ళన్న కదా, బిందె ముచ్చట చెప్పాలెనని నాకు తోచనే లేదు. నీళ్ళు ఏ గిన్నెల ఉన్నయని ఎవరన్న చెప్తరా?

అంటే రొయ్యల పాలిటి యముడు మా వంటింట్లనే, మీ అత్త బిందెల కూసున్నడన్నట్టు. నేను, మేఘా నవ్వి నవ్వి కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నం.

దవాఖానకు గూడ పోయిన. నేను తాగుతున్న కదా, అదొక బుగులు. హెదరబేడమ్మా, భయపడకు అని కన్నడంల నా భుజం తట్టింది డాక్టరమ్మ. రొయ్య చచ్చేటంత రాగితోని మనిషికి ఏమీ కాదట. అయినా కడుపుతోని ఉన్నప్పుడు బిందె పక్కన పెట్టు, మామూలు నీళ్ళు తాగమన్నది. పిల్ల గుండె చప్పుడు వినిపించింది. గుర్రం ఉరికినట్టు ఉన్నది.

మళ్ళ కొలువుల చేరిన. సేటుకు తప్పైందని చెప్పబోతే ఆపిండు. "నువ్వు నీ బిడ్డ కోసం భయపడ్డవు, నేను నా దుకాణం కోసం భయపడ్డ. పని చూసుకో," అన్నడు. తొట్టిని మేఘా టేబుల్ మీదికి మార్చిన. నాకు ఇగ ఆ ఓపిక లేదు.

బిందెను కడిగి అటక మీద బోర్లేసిన. ఏడో నెలల కుబుసం, అదే సీమంతం, చేస్తరు కదా, ఆకుపచ్చ చీర, గాజులు నువ్వే పెట్టాలె. కాన్పయ్యేదాంక ఈడనే ఉండాలె. గిర్ని తాళమేసి రా.

నీ కావేరి

*

అరకేర
4 నవంబర్ 2024

కావేరికి,

నీ ఉత్తరం వచ్చి ఆరు దినాలాయె. గిర్ని తీయలే.

నువ్వు నవ్విన అని రాసినవు. నవ్వు బిడ్డా, నీ వయసు అది. నేను లెక్క చూసుకున్న. పోయినేడు మూడో నెలల నీకు వాంతులని పదిహేను దినాలు ఈడ పెట్టుకున్న. యాదికుందా? ఏ నీళ్ళు తాగిపిచ్చిన నీకు? పొద్దుగాల చెంబు, మాపటికి చెంబు. వద్దంటే ముక్కు పట్టి తాగిపిచ్చిన. నువ్వు ఈడికెళ్ళి పోయిన తొమ్మిదో దినం నిన్ను దవాఖానల ఏసిన్రు.

నీకొకటి తెల్వదు. నీకెవ్వరు చెప్పలే, చెప్పొద్దని నేనే అందరి నోళ్ళు కట్టిన. నాకు గూడ ఇద్దరు పోయిన్రు. పెండ్లైన రెండో ఏడు ఒకరు, నాలుగో ఏడు ఒకరు. ఒకటి నాలుగో నెల, ఒకటి ఆరో నెల. ఆరో నెలది మొగపిల్లగాడు. కాపురానికి వచ్చిన దినం మా అత్త ఆ బిందె నా చేతుల పెట్టి, దీంట్ల నీళ్ళు తాగితే గట్టి పిల్లలు పుడుతరన్నది. ఆమె మంచికే చెప్పింది. నేను నమ్మి దినాం తోమి తోమి తాగిన. చింతపండు పులుపు గూడ సరిగ కడగకుండ, మెరుపు పోతదని.

ముప్పై ఏండ్లు నా రాత అనుకున్న. రాతను తిట్టలేక ఊరుకున్న. ఇప్పుడు చూస్తే రాత కాదు, బిందె. దాన్ని నా నెత్తి మీద నేనే మోసుకొచ్చుకున్న. అది సాలక నీకిచ్చిన. బస్సుకు ఏసి మరీ పంపిన. రెండింతలు తాగమని రాసిన, ఆ అక్షరాలు నా చేతివే.

డాక్టరమ్మ ఏమీ కాదన్నదని రాసినవు. నా ప్రాణం నిలబడనీకి నువ్వు అట్ల రాస్తవని నాకు తెలుసు.

నేను కుబుసానికి రాను. కాన్పుకు రాను. నా చేతి నీళ్ళు ఇగ నీ నోట్ల పడొద్దు. పరశురామ్ వాళ్ళమ్మను పిలిపిచ్చుకో, ఆమె నలుగురిని కన్నది, ఆమె చెయ్యి మంచిది. నాకు జవాబు రాయకు.

యంకమ్మ

*

రాయచూరు
20 జనవరి 2025

చిన్నమ్మా,

ఇది మూడో ఉత్తరం. మొదటి రెండింటికి నువ్వు జవాబు రాయలే. చించి పొయ్యిల పెట్టినవో, పెట్టెల దాచినవో నాకు తెల్వదు.

కుబుసం అయింది. నువ్వు పంపిన ఆకుపచ్చ చీర సిద్దు తెచ్చిండు. మూట ఇప్పి ఉత్తరం కోసం జాకెట్టు ముక్క మడతలల్ల గూడ ఎతికిన. లేదు. అత్తమ్మ వచ్చి ఉన్నది. మంచిదే ఆమె, పాపం మోకాళ్ళ నొప్పులతోనే అన్ని చేస్తుంది. గాని నాకు భయమైందంటే దేవుడున్నడు పండుకో అంటది. ఆమెకు నా సంగతి ఏం తెలుసు?

నీ ఉత్తరం చదివినంక నేను మళ్ళ డాక్టరమ్మ కాడికి పోయిన. నీ ఇద్దరి గురించి, నా ఒకరి గురించి, బిందె గురించి, నెలలతోని సహ చెప్పిన. అడగనీకి సిగ్గు పడలే. ఆమె నెలలన్ని కాగజ్ మీద రాసుకున్నది. తర్వాత అన్నది, "ముప్పై ఏండ్ల కింద పోయిన పిల్లలు ఎందుకు పోయిన్రో ఇప్పుడు ఎవ్వరు చెప్పలేరమ్మా. బిందె వల్లనే అని చెప్పేటోళ్ళు గూడ అబద్ధమే చెప్తున్నట్టు." మన దిక్కు ఎన్ని ఇండ్లల్ల ఆ నీళ్ళే తాగి కన్నరో లెక్క లేదని, అందరు మంచిగనే ఉన్నరని గూడ అన్నది.

నేను నీకు అబద్ధం రాయను. ఆ మాట కొన్ని దినాలు నమ్ముత. కొన్ని దినాలు నమ్మబుద్ధి కాదు. ఆ దినాలల్ల వంటింట్ల అటక దిక్కు చూడను. కోపం గూడ వచ్చింది, ఒక దినమంత వచ్చింది, నీ మీద. అది గూడ దాస్తలేను.

బిందెనే చేసిందని అనుకుందాం. ఇద్దరిని పోగొట్టుకొని, ఆ ముచ్చట నాకు తెల్వనియ్యకుండ, తల్లి లేని పిల్లనని నన్ను ఒళ్ళ ఏసుకొని పెంచినవు. ఇంట్ల ఉన్న మంచి వస్తువు ఒక్కటే అని అది నాకు పంపినవు. విషమని తెలిసి పంపినవా? నువ్వు నాకు ఇచ్చినయన్ని లెక్క పెట్టుకుంట పోతే ఆ బిందె ఒక్కటే ఎందుకు మిగలాలె?

డాక్టరమ్మ ఫిబ్రవరి రెండో వారం అన్నది. బిడ్డ బాగనే తిరుగుతుంది. రెండు గంటలు కదలకపోతే నేను పక్కకు తిరిగి పండుకొని లెక్కపెట్టుకుంట, పది కదలికలు వచ్చేదాంక లేవను.

నాకు రెండు భయాలు ఉన్నయి. బిడ్డ దక్కదేమోనని ఒకటి. అది నాతోనే పుట్టినట్టు అలవాటైపోయింది. రెండోది కొత్తది. నొప్పులు పట్టిన దినం పక్కకు తిరిగి చూస్తే నువ్వు ఉండవు. ఈ రెండోదే ఎక్కువున్నది చిన్నమ్మా. దీనికి మందు డాక్టరమ్మ కాడ లేదు.

రా.

నీ కావేరి

*

అరకేర
27 జనవరి 2025

బిడ్డా,

మూడు ఉత్తరాలు పెట్టెల ఉన్నయి. పొయ్యిల పెట్టలే.

శనివారం పొద్దుగాల బస్సుకు వస్తున్న. గిర్ని తాళం మారెవ్వకు ఇచ్చిన. బుగులు పోయిందని వస్తలేను. బుగులు అట్లనే ఉన్నది, దాన్ని తీసుకొనే వస్తున్న. నువ్వు ఒక దినమంత కోపం చేసిన అన్నవు చూడు, ఆ మాట చదివినంక అన్నం తిన్న. అంతకుముందు రాసినయన్ని నన్ను బుజ్జగించనీకి రాసినవే అనుకున్న.

పిండి తేను, నెయ్యి తేను, మందు వేర్లు తేను. వట్టి చేతులతోని వస్త. నీ వంటింట్ల ఏదీ ముట్టుకోను, నువ్వు ముట్టుకోమనేదాంక. తలుపు తీసినంక ముందు నువ్వు నాకు ఇన్ని నీళ్ళియ్యి, తాగుత.

మీ చిన్నమ్మ